మొదలు, నడుమ, కొస: ఒజిబ్వే మాటల ముక్కల పెట్టె, ప్రాజెక్టు డైరీ

ఇలాంటి పని ఇంకెవరైనా మొదలుపెడితే మేం చేసిన తప్పులు వాళ్ళు మళ్ళీ చేయకూడదని ఈ డైరీ రాస్తున్నాను.

ఊరు డులూత్, మిన్నెసోటా రాష్ట్రం, లేక్ సుపీరియర్ ఒడ్డు. ఒజిబ్వే ఈ ప్రాంతపు మూలవాసుల భాష. వారానికి రెండు సాయంత్రాలు జరిగే ఆ భాష క్లాసులో మేం 11 మందిమి. టీచరు గారు ఒకరు, పుట్టినప్పటి నుంచీ ఆ భాషలోనే పెరిగిన పెద్దావిడ ఒకరు. ఆవిణ్ణి అందరం నోకొమిస్ అంటాం. మన అమ్మమ్మ, నాయనమ్మ ఇద్దరికీ వాళ్ళ దగ్గర అదే పిలుపు. పగలు నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాబట్టి పట్టికలు, కోడు నా వంతుకు వచ్చాయి.

చేస్తున్న పని ఇది: క్లాసులో నేర్చిన మాటల్ని ముక్కలుగా విడదీసి, ఆ ముక్కలతో పిల్లలూ పెద్దలూ బల్ల మీద మాటలు కట్టుకునేలా కార్డులు తయారు చేయడం. నిఘంటువులో మాట అర్థం దొరుకుతుంది. ఆ మాట ఎలా పుట్టిందో చేతికి తెలిస్తే తప్ప కొత్త మాట నోటికి రాదు.

రాత గురించి కొంచెం చెప్పాలి. క్లాసులో వాడేది ఇంగ్లీషు అక్షరాలతో రాసే చార్లెస్ ఫియెరో స్పెల్లింగు పద్ధతి. దీర్ఘమైతే అచ్చును రెండుసార్లు రాస్తారు. ఈ భాషలో హ్రస్వ దీర్ఘాలు మారితే మాటే మారిపోతుంది, అందుకే ఈ డైరీకి తెలుగు లిపి బాగా కుదిరింది. "ఏ" అనే అచ్చు మాత్రం ఎప్పుడూ దీర్ఘమే. గొంతు ఠక్కున ఆగే చోట ' గుర్తు పెట్టాను.

దశ 1: కోత

సెప్టెంబరు 20

క్లాసు నోట్సులోని 412 మాటలు ఎక్సెల్‌లో ఎక్కించి, చూపుమేరకు ముక్కలు కోశాను. అల్గాంక్వియన్ భాషల్లో (ఒజిబ్వే ఈ కుటుంబానిదే) మాట కట్టడానికి మూడు చోట్లు ఉంటాయని భాషాశాస్త్రవేత్త లెనార్డ్ బ్లూంఫీల్డ్ 1946లో రాసిన వ్యాసంలో వివరించాడు. ఆ మూడింటినీ మేం మొదలు, నడుమ, కొస అంటున్నాం. నడుమ అన్ని మాటల్లోనూ ఉండదు.

268 ముక్కలు తేలాయి. వాటిలో తప్పులు చాలానే ఉన్నాయి. ఎరుపు అనే ముక్క ఒక్కటే మూడు వరసల్లో కూర్చుంది:

మిస్క్వా (ఎర్రగా ఉంది, వస్తువు) నుంచి మిస్క్వ్
మిస్కొజి (ఎర్రగా ఉంది, ప్రాణి) నుంచి మిస్క్
మిస్కొమిన్ (రాస్ప్‌బెర్రీ, ఎర్ర పండు) నుంచి మిస్కొ

నిజానికి ఉన్నది మిస్క్వ్ ఒక్కటే. హల్లు వెనకున్న వ్ తర్వాత ఇ వస్తే రెండూ కలిసి ఒ అవుతాయి. మిస్క్వ్ + ఇజి = మిస్కొజి. పండు పేరులో మిస్క్వ్, మిన్ రెండూ హల్లుల దగ్గర ఢీకొంటాయి కాబట్టి మధ్యలో ఒక ఇ దూరుతుంది. అది వ్‌తో కలిసి ఒ అవుతుంది. చిన్నప్పుడు సంధులు, ఆగమాలు బట్టీపట్టిన మనకు ఇది వెంటనే తట్టాలి. అచ్చులు రెండు అక్షరాలుగా కనపడే లిపిలో చూస్తూ కోసుకుపోయాను కాబట్టి నాకు తట్టలేదు.

రెండో నియమం కూడా అదే రోజు దొరికింది: ముక్క చివరి ద్ తర్వాత ఇ వస్తే జి. "ఇటువైపు" అనే మొదలు బీద్. పరుగు చేరిస్తే బీజిబతో (ఇటు పరిగెత్తుకొస్తున్నాడు), గాలి చేరిస్తే బీదాసిన్ (గాలికి ఇటు కొట్టుకొస్తోంది). నేను బీజ్, బీద్ అని రెండు పెట్టుకున్నాను.

మార్చినవి:

1. పట్టికలో రెండు నిలువు వరసలు పెట్టాను: ఒకటి చెవికి వినపడేది, రెండోది లోపలి రూపం.
2. ఒక ముక్కను కనీసం రెండు వేరువేరు మాటల్లో చూపించలేకపోతే దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను.
3. అనుమానం వచ్చిన ప్రతి కోతనూ మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళ ఒజిబ్వే పీపుల్స్ డిక్షనరీతో సరిచూశాను. అందులో చాలా మాటలకు ముక్కలు విడదీసి ఉంటాయి, మాట్లాడేవాళ్ళ గొంతులూ వినొచ్చు.

లెక్క: మాటలు 412. ముక్కలు 268 నుంచి 231.

దశ 2: చెట్టు, కర్ర

అక్టోబరు 11

ఈ భాషలో ప్రతి నామమూ ప్రాణి వైపో అప్రాణి వైపో ఉంటుంది. క్రియ కొస దాన్ని బట్టే మారుతుంది. ఆ వరస నేను బుర్రతో నింపేశాను: జంతువులు, మనుషులు ప్రాణులు, మిగతావన్నీ అప్రాణులు. టీచరు గారు పెన్సిలుతో దిద్దితే 23 తప్పులు.

రాస్ప్‌బెర్రీ ప్రాణి, స్ట్రాబెర్రీ అప్రాణి. రాయి ప్రాణి. ఆపిల్ ప్రాణి. అర్థాన్ని బట్టి ఊహిస్తే కుదరదు, బహువచనం అడగాలి. చివర గ్ వస్తే ప్రాణి, న్ వస్తే అప్రాణి: మిస్కొమినగ్, ఒదే'ఇమినన్. తెలుగులో ఆవిడా వచ్చింది, బస్సూ వచ్చింది అంటాం. ఆ "ది" ఎందుకో బయటివాడికి మనం కారణం చెప్పలేం. ఇదీ అంతే, వినాలి, రాసుకోవాలి.

ఆ సాయంత్రం నోకొమిస్ చేసి చూపించింది నేను మర్చిపోలేను. మితిగ్ అనే మాటకు ఏ కొస వేయాలని అడిగాను. ఆవిడ లేచి, కిటికీ దగ్గరకు నడిచి, పార్కింగ్ పక్కనున్న చెట్టు చూపించి "గిన్వాకొజి" అన్నారు. వెనక్కి వచ్చి, మూలన ఆనించి ఉన్న జెండా కర్రను పట్టుకుని "గిన్వాక్వద్" అన్నారు. చెట్టూ మితిగే, కర్రా మితిగే. నిలబడి ఉన్నప్పుడు ప్రాణి, నరికాక అప్రాణి. ఎక్కువైతే చెట్లు మితిగోగ్, కర్రలు మితిగోన్.

ఆ రెండు మాటల్లో నడుమ ముక్క కూడా దొరికింది. గిన్వ్ అంటే పొడుగు, ఆక్వ్ అంటే కర్రలా ఉండేది, ఇజి, అద్ అనేవి కొసలు. ఆక్వ్ + ఇజి = ఆకొజి. మళ్ళీ అదే వ్ + ఇ. తాడులాంటి పొడుగైతే నడుమ మారి గిన్వాబీగద్ అవుతుంది.

లెక్క: మాటలు 412, ముక్కలు 231, దిద్దిన లింగాలు 23. పట్టికలో "బహువచనం" వరస కొత్తగా చేరింది, అది ఖాళీగా ఉంటే మాట కార్డుకు ఎక్కదు.

దశ 3: రికార్డింగు

అక్టోబరు 29

క్లుప్తంగా. మొదటి రెండు గంటల రికార్డింగు పనికిరాలేదు. ఫ్రిజ్ మోత గొంతు ఆగే శబ్దాన్ని మింగేసింది. ఒదే'ఇమిన్‌లో ఆ ఆగడం వినపడకపోతే మాట తప్పు రాస్తాం. ఫ్రిజ్ ప్లగ్ తీశాం (తిరిగి పెట్టడం మర్చిపోకుండా కారు తాళాలు ఫ్రిజ్ లోపల పెట్టాను). మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టాం. ఫైళ్ళు 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్, వేవ్ రూపంలోనే. ఎంపీ3 వద్దు. కాలం గుర్తులతో రాసుకోవడానికి ఈలాన్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం.

పాత పుస్తకం నుంచి మాటలు పెంచుదామన్న ప్రయత్నం కూడా ఇక్కడే ఆగింది. బరాగా అనే మతగురువు 1853లో ఒజిబ్వే నిఘంటువు అచ్చు వేశారు. ఇంచుమించు అదే కాలంలో బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు వచ్చింది. చాలా శ్రమపడి కూర్చిన పుస్తకం, కానీ అందులో హ్రస్వ దీర్ఘాలు నికరంగా తేల్చి రాయలేదు. 140 మాటలు ఎక్కించి, ఏది దీర్ఘమో తేలక, మొత్తం తీసేశాను. మూడు వారాంతాలు పోయాయి.

దశ 4: వ ఎక్కడిది?

నవంబరు 22

అన్నిటికంటే ఎక్కువ టైము తిన్నది ఇదే.

ద్రవం అనే కొస ఆబో. క్లాసులో అందరికీ ఇష్టమైన కొస ఇది, వంటింట్లో ఉన్నవన్నీ ఇందులోకి వస్తాయి:

దోదోష్ (రొమ్ము) + ఆబో = దోదోషాబో, పాలు
అనీబీష్ (ఆకు) + ఆబో = అనీబీషాబో, టీ
మిషీమిన్ (ఆపిల్) + ఆబో = మిషీమినాబో, ఆపిల్ రసం
ఇష్కొదే (నిప్పు) + ఆబో = ఇష్కొదేవాబో, సారా
మకదే (నలుపు) + మష్కికి (మందు) + ఆబో = మకదే-మష్కికివాబో, కాఫీ

నల్లటి మందు నీళ్ళు. కాఫీకి ఇంతకంటే మంచి పేరు నేను వినలేదు.

చివరి రెండింటిలో వ ఎక్కడి నుంచి వచ్చింది? నేను వెంటనే యడాగమం అని రాసేశాను. మా + అమ్మ = మాయమ్మ అయినట్టే, అచ్చూ అచ్చూ కలిసిన చోట మనకు య, వాళ్ళకు వ. చూడటానికి బాగుంది. పట్టికలో ఇలాంటి 58 మాటలకూ అదే ముద్ర వేశాను.

తప్పని తెలిసింది క్రీ భాష వల్ల. ఒజిబ్వేకి దగ్గరి చుట్టం. క్రీలో నిప్పును ఇస్కొతేవ్ అంటారు. అంటే చివరి వ్ ఆ మాట సొంతం. ఒజిబ్వేలో మాట చివర అది రాలిపోయింది, వెనక ఏదైనా తగిలిస్తే బయటపడుతుంది. మనకు వాఁడులో అరసున్నగా మిగిలిన న, రాయలసీమ వాండ్లులో ఇంకా నిండుగా పలుకుతున్నట్టే ఇదీ. వ్ చేర్చలేదు, అది అక్కడే ఉంది.

ఇంకో రకం కూడా తేలింది. అదావే (కొంటున్నాడు) నుంచి అదావేవిగమిగ్ (దుకాణం), ఆకొజి (జబ్బుగా ఉన్నాడు) నుంచి ఆకొజీవిగమిగ్ (ఆసుపత్రి). ఇక్కడ ఇల్లు అనే కొస క్రియకు తగులుతోంది. ఆకొజి చివరి ఇ కూడా సాగి ఈ అయింది. ఉత్త అతుకైతే ముందున్న అచ్చు సాగదు. ఇది క్రియ తనతో తెచ్చుకునే వ్.

మష్కికి సంగతి వేరు. క్రీలో దాని జోడు మస్కిహ్కియ్, చివర వ్ లేదు. దాన్ని తేలనివాటిలో ఉంచాను, ప్రశ్న గుర్తుతో.

58 మాటల్నీ మళ్ళీ పంచితే:

1. మాట సొంత వ్: 21
2. క్రియ తెచ్చిన వ్: 29
3. తేలనివి: 8

క్లాసులో ఒకరు "మాట కుదిరితే చాలు కదా, వ్ ఎక్కడిదైతే ఏం?" అన్నారు. కొత్త మాట కట్టేటప్పుడు తేడా వస్తుంది. ఏ వ్ ఎవరిదో తెలియకపోతే లేనిచోట పెడతాం, ఉన్నచోట మింగేస్తాం. ఆ తప్పు కార్డుల మీద అచ్చయితే పిల్లలు అదే నేర్చుకుంటారు.

వాబో, ఆబో లాంటి దొంగ జంటలు ఆరు కలిసిపోయాయి.

లెక్క: మాటలు 412, ముక్కలు 225, తేలనివి 8.

దశ 5: యంత్రం కట్టిన మాటలు

జనవరి 17

నియమాల ప్రకారం మాటలు కట్టి ఇచ్చే ఫోమా అనే ఉచిత పరికరంలో (మాన్స్ హుల్డెన్ రాసినది) మా నియమాలు పెట్టాను. ప్లెయిన్స్ క్రీ నిఘంటువు ఇత్వేవినా వెనక అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు నడుపుతున్నదీ ఇలాంటి నియమాలతోనే. మాది చాలా చిన్నది: 12 మొదళ్ళు, 9 కొసలు, 4 సంధి నియమాలు. 108 మాటలు వచ్చాయి. సంధి ప్రకారం ఒక్కటీ తప్పు లేదు.

కానీ అవి మాటలేనా? నోకొమిస్ దగ్గర కూర్చుని 108 ఒకే సాయంత్రం చదివించాను. గంటా నలభై నిమిషాలు పట్టింది. 63 మాటలకు "ఆఁ, అంటాం" అన్నారు.

ఇంటికెళ్ళి రికార్డింగు వింటే కడుపులో దేవినట్టయింది. చివరి 30 మాటల్లో 26కి ఆఁ అన్నారు. మొదట్లో ఒక్కో మాటకూ ఆలోచించి, ఎవరు ఎక్కడ అనేవాళ్ళో చెప్పిన మనిషి, చివరికొచ్చేసరికి అలిసిపోయి నన్ను నొప్పించలేక ఊఁ కొట్టారు. తప్పు ఆవిడది కాదు, 108 మాటలు ముందు పెట్టిన నాది.

తర్వాతి రెండు వారాల్లో ఆ 30 మళ్ళీ అడిగాను, విడిమాటగా కాకుండా వాక్యంలో పెట్టి. ఈసారి 9 నిలిచాయి.

1. అంటాం: 46
2. అర్థమవుతుంది, మా ఇంట్లో అనరు: 21
3. కాదు: 41

మార్చిన పద్ధతి:

1. ఒక కూర్చుడుకు 10 మాటలే. 20 నిమిషాలు దాటితే ఆపేయాలి.
2. అందులో రెండు అందరికీ తెలిసిన మాటలు కలపాలి.
3. "ఈ మాట ఉందా?" అని అడగకూడదు. "ఇది ఎప్పుడంటారు?" అని అడగాలి.
4. కాదన్న మాటకు బదులు ఏమంటారో తప్పక రాసుకోవాలి.

నాలుగోదే అన్నిటికంటే లాభం. యంత్రం మిస్క్వ్‌కి ఆబో తగిలించి ఎర్రటి ద్రవం కట్టింది. నోకొమిస్ "అది తాగేదా? ఎవరు కాచారు?" అన్నారు. నేను సరస్సు నీళ్ళ సంగతన్నాను. "నీళ్ళు ఎర్రగా ఉంటే మిస్క్వాగమిన్." ఆబో పేరు కడుతుంది, నీళ్ళు ఎలా ఉన్నాయో చెప్పడానికి ఆగమిన్ కావాలి. రాష్ట్రం ఉత్తరాన ఉన్న రెడ్ లేక్ అసలు పేరు మిస్క్వాగమీవి-జాగ'ఇగన్. ఆ పేరు రాసిన బోర్డు ముందు నుంచి ఎన్నోసార్లు కారులో వెళ్ళాను, పేరు లోపల ఈ కొస ఉందని చూడలేదు.

మాట్లాడేవాళ్ళు మిగలని చోట ఇలా అడిగే వీలే లేదు. మసాచుసెట్స్‌లో వాంపనోగ్ భాషను జెస్సీ లిటిల్ డో బెయిర్డ్ బృందం పాత కాగితాల నుంచీ, 1663లో అచ్చయిన ఎలియట్ బైబిల్ నుంచీ తిరిగి లేపింది. మయామియా భాషకు డారిల్ బాల్డ్విన్ అలాగే పాత రాతప్రతుల మీద ఆధారపడ్డారు. ఇదే కుటుంబానికి చెందిన చుట్టపు భాషలతో పోల్చి, ముక్కల లెక్కతో మాటలు నిలబెట్టుకోవాల్సి వచ్చింది. మాకు ఎదురుగా మనిషి ఉన్నారు. ఉన్నప్పుడు అడగాలి, అలసిపోకుండా అడగాలి.

46లో 19 ముందే జాబితాలో ఉన్నాయి. కొత్తగా 27 చేరాయి.

లెక్క: మాటలు 439, ముక్కలు 225, తేలనివి 8.

దశ 6: కార్డులు

ఫిబ్రవరి 21

మొదటి విడత: 3 × 5 అంగుళాల అట్ట కార్డులు, మొదళ్ళు ఆకుపచ్చ, నడుమలు పసుపు, కొసలు నీలం. మిస్క్వ్ పక్కన ఆ పెట్టి మిస్క్వా కట్టడం అందరికీ వచ్చింది. ఇజి పెట్టగానే 11 మందిలో 8 మంది మిస్క్విజి అని చదివారు. నియమం గోడ మీద రాసి పెట్టినా అంతే.

రెండో విడతలో కార్డునే మార్చాను. వ్‌తో ముగిసే ప్రతి మొదలుకూ కుడి అంచు ముప్పావు అంగుళం మడత. మడత బయటివైపు వ్, విప్పితే లోపల ఒ. ఇతో మొదలయ్యే కొస కార్డుల ఎడమ అంచున ఇ మీద చిన్న మూత. కొసను ఆనించాలంటే మడత విప్పాలి, విప్పితే ఒ కనపడి, ఆ రెక్క కింద ఇ దాక్కుంటుంది. చేతికి తగిలింది కాబట్టి నోటికి వచ్చింది. మళ్ళీ చదివిస్తే తప్పు చదివినవాళ్ళు ఇద్దరే.

లామినేషన్ చేయించవద్దు. మడత విరిగిపోతుంది. 160 గ్రాముల అట్ట సరిపోతుంది, 250 అయితే మడత నిలవదు.

క్లాసులో ఒకరి నాన్నగారిది ఒంటారియోలోని మానిటూలిన్ దీవి. అక్కడ బలహీనమైన హ్రస్వాలు రాలిపోతాయి. మా మకిజిన్ (చెప్పు) వాళ్ళకు మ్కిజిన్. ఏది సరైనదన్న వాదన మొదలయ్యేలోపే రెండూ కార్డు మీదకు ఎక్కించాం: ముందువైపు మాది, వెనకవైపు వాళ్ళది. లోపలి రూపం వరస ఉంది కాబట్టి పట్టికలో గొడవ రాలేదు. సెప్టెంబరులో ఆ వరస పెట్టకపోయి ఉంటే ఇప్పుడు మొత్తం విడగొట్టాల్సి వచ్చేది.

దశ 7: ఎవరి చేతిలో ఉండాలి

మార్చి 28

ఫోనులో వినడానికి రికార్డింగులు పెడుతుంటే టీచరు గారు ఒక ఫైలు దగ్గర ఆపారు. అది ఆదిజోకాన్, అంటే పవిత్రమైన పాత కథ. నేల మీద మంచు ఉన్నప్పుడే చెప్పుకోవాలి. మామూలు కబుర్లు, జరిగిన సంగతులు దిబాజిమొవిన్, వాటికి కాలం లేదు. నేను రెంటినీ ఒకే ఫోల్డరులో పోశాను. ఆ కథ నుంచి 34 మాటలకు ఉదాహరణ వాక్యాలు తీసుకున్నాను కూడా. జూలైలో ఎవరో బస్సులో కూర్చుని నొక్కితే ఆ గొంతు వినపడేది.

మాటలు ఉంచాం. 34 వాక్యాలూ, వాటి ధ్వనీ తీసేశాం. నోకొమిస్ బదులు వాక్యాలు చెప్పారు, మూడు సాయంత్రాలు, పదేసి పన్నెండేసి చొప్పున. పట్టికలో "కాలం", "ఎవరి అనుమతి" అని రెండు వరసలు చేరాయి. ఇవి మొదటి రోజే ఉండాల్సినవి.

కెనడాలో ఫస్ట్ నేషన్స్ వాళ్ళు (అక్కడి మూలవాసులు) పాటించే ఓకాప్ సూత్రాల కాగితం టీచరు గారు తెచ్చి చదివించారు. సమాచారం వాళ్ళ సొంతం, అదుపు వాళ్ళది, చూసుకునే దారి వాళ్ళకు ఉండాలి, వాళ్ళ చేతిలోనే ఉండాలి. నా పట్టిక అప్పటిదాకా నా అకౌంట్‌లో, నా పాస్‌వర్డ్ వెనక ఉంది.

ఏప్రిల్ 11

లెక్క: మాటలు 439, ముక్కలు 225, కార్డులు 225, తేలని వ్‌లు 8, అనుమతి వరస ఖాళీగా ఉన్నవి 0.

రెండు హార్డ్ డిస్కులు టీచరు గారికి అప్పగించాను. అకౌంటు క్లాసు పేరు మీదకు మార్చాను. నా లాప్‌టాప్‌లో ఉన్న ఆదిజోకాన్ ఫైలు, దాని బ్యాకప్పు ఆవిడ చూస్తుండగా తుడిచేశాను. తేలని 8 మాటల కాగితం నోకొమిస్ చేతి సంచిలో ఉంది. వాళ్ళ చెల్లెలిని అడిగి చెప్తానన్నారు.